డిచ్‌పల్లి డాక్టరు గారి అడవి

మార్చి దాటిందంటే మా వేల్పూర్ చేలల్లో పెద్ద పనులు ఒక కొలిక్కి వస్తాయి. తవ్విన పసుపును ఉడకబెట్టి, కల్లాల్లో ఎండబోసి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చడం అయిపోతుంది. ఎర్రజొన్న కోతలూ అయిపోతాయి. యాసంగి వరి ఉన్నవాళ్లకు ఇంకొన్నాళ్లు తీరిక దొరకదు గానీ, మిగతావాళ్లకు మళ్లీ మృగశిర కార్తె దాకా మధ్యాహ్నాలు చాలా పొడుగు. నవలలు చదివే అలవాటున్న వాళ్లకు మా వైపు అసలైన చదువుకాలం ఇదే. బయట ఎండ కాలు పెట్టనివ్వదు, ఇంట్లో ఫ్యాను కింద రెండు వందల పేజీల పుస్తకం ఒకే ఊపులో అయిపోతుంది.

ఈ వేసవికి నేను మళ్లీ ముందరేసుకున్నవి డాక్టర్ కేశవరెడ్డి గారి నవలలు. ఆయన పుట్టింది 1946 మార్చి 10న, చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో. వైద్యం చదివింది పాండిచ్చేరిలో. పనిచేసింది మాత్రం మా నిజామాబాద్ జిల్లాలో, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో. 2015 ఫిబ్రవరి 13న కన్నుమూసింది కూడా నిజామాబాద్‌లోనే. నిజామాబాద్‌లో రైలెక్కి సికింద్రాబాద్ వైపు పోయే ప్రతివాళ్లూ డిచ్‌పల్లి స్టేషన్ చూస్తారు. తెలుగులో గట్టి నవలలు రాసిన ఒక మనిషి ఆ చుట్టుపక్కల రోజూ రోగుల చేతులు పట్టుకుని చూస్తూ బతికాడని మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. తెలియజెప్పాలన్న ఆరాటం ఈ వ్యాసానికి మొదటి కారణం. రెండోది, ఆయన పనితనం. కథ ఏమిటన్నది ఎవరైనా చెప్తారు. కథను ఎట్లా కట్టారన్నది చూస్తే గాని ఆయన గొప్పతనం పూర్తిగా అందదు.

ముందుగా ‘అతడు అడవిని జయించాడు’. చిన్న నవల. పందులు మేపుకుని బతికే ఒక ముసలివాడు, వాడి మనవడు. ఈననున్న పంది ఒకటి సాయంత్రం మందతో ఇంటికి రాలేదు. ముసలివాడు ఈటె పట్టుకుని ఒక్కడే అడవిలోకి పోతాడు. ఆ సాయంత్రం నుంచి మర్నాటి పొద్దు దాకా జరిగిందే నవల. అంతకు మించి ఇందులో కథ లేదు.

ఇంత చిన్న కథలో రచయిత మొదట చేసిన తెలివైన పని, తప్పించుకునే దారులన్నీ మూసేయడం. ముసలివాడికి తోడు ఎవ్వరూ లేరు. మనవణ్ణి తీసుకుపోతే ఇద్దరి మధ్య మాటలు నడుస్తాయి, మాటలు నడిస్తే భయం సగం దిగిపోతుంది. అందుకే మనవడు ఇంటి దగ్గరే ఆగిపోయాడు. ముసలివాడికి పేరు కూడా పెట్టలేదు. పేరుంటే కులం, ఊరు, బంధువులు, ఊరి పెద్దలు అందరూ వెంట నడిచొస్తారు. అవన్నీ అడవి అంచున వదిలేసి, ఒక ఒళ్లు, ఒక ఈటె, కొంత అనుభవం మాత్రమే లోపలికి పంపారు. కాలాన్ని కూడా అట్లాగే బిగించారు. ఒక్క రాత్రి. వెలుతురు తగ్గుతున్న కొద్దీ ముసలివాడికి కనిపించేది తగ్గుతుంది, మనకు కనిపించేదీ తగ్గుతుంది. వాడు ఎంత చూస్తే మనం అంతే చూస్తాం. పొద కదిలితే ఏ జంతువో వాడికి తెలిసే దాకా మనకూ తెలియదు.

రెండోది నాకు ఇంకా నచ్చిన పని. పంది దొరుకుతుంది. ఈనింది. పిల్లలు పొదుగు దగ్గర ఉన్నాయి. ఇక ఇంటికి తోలుకురావడమే మిగిలింది అనుకునే చోట అసలు చిక్కు మొదలవుతుంది. బాలింత పంది యజమానిని దగ్గరికి రానివ్వదు. పెంచినవాడైనా సరే, పిల్లల దగ్గరికొస్తే శత్రువే. అటు వాసన పట్టి నక్కలు చేరుతుంటాయి. ముసలివాడు నక్కలతో పోరాడాలి, ఏ పందిని కాపాడటానికి పోరాడుతున్నాడో ఆ పంది కోరల నుంచి కూడా తనను తాను కాపాడుకోవాలి. ఇక్కడ పోరాటం మూడు పక్కలా సాగుతుంది. తేలికైన రచయిత చేతిలో పడితే ఆ పంది ఏదో ఒక క్షణంలో యజమానిని గుర్తుపట్టి తల వంచేది, చదివేవాళ్ల కళ్లు చెమ్మగిల్లేవి. కేశవరెడ్డి గారు ఆ పని చేయలేదు. పందిని పందిగానే ఉంచారు. దానికి మనిషి బుద్ధి అరువివ్వలేదు. అందుకే ఆ జంతువు మీద మనకు గౌరవం కలుగుతుంది. ముసలివాడి మీద జాలికి బదులు ఆదరం కలుగుతుంది.

నవలంతా చూడండి, ముసలివాడు ఎప్పుడు భయపడ్డాడో రచయిత పెద్దగా చెప్పడు. ఈటె ఎట్లా పట్టుకున్నాడు, ఎక్కడ నిలబడ్డాడు, గాలి ఎటు వీస్తోంది, ఎంత దూరంలో ఆగాడు, ఎంతసేపు కదలకుండా ఉన్నాడు, ఇవి చెప్తాడు. వాటిలోంచి భయాన్ని మనమే లెక్కగట్టుకుంటాం. పశువులు కాసినవాళ్లకు ఈ భాగాలు చదువుతుంటే వేరే నమ్మకం కలుగుతుంది. మంద చెదిరితే ఎటు నుంచి చుట్టుకుని రావాలో, బాలింత పశువు దగ్గరికి ఏ వైపు నుంచి పోకూడదో తెలిసిన చేతులు రాసిన వాక్యాలవి. పని తెలిసినవాణ్ణి పని మధ్యలో చూపించడం, వాడి తెలివిని వాడి పనిలోనే నిరూపించడం ఈ నవలకు వెన్నెముక.

చదివినవాళ్లందరికీ హెమింగ్వే ముసలి జాలరి గుర్తొస్తాడు. 1952లో వచ్చిన ఆ నవలకూ దీనికీ పోలికలున్న మాట నిజమే. ఒంటరి ముసలివాడు, ఒక మహా ప్రయత్నం, చుట్టూ కాచుకుని ఉన్న క్రూరజంతువులు. కానీ నాకు తేడా ఎక్కువ కనిపిస్తుంది. సముద్రంలో జాలరి చేపను చంపడానికి పోయాడు. అడవిలో ముసలివాడు పందిని బతికించుకోవడానికి పోయాడు. చంపబోయే జంతువు మీద గౌరవం రాయడం ఒక కష్టం, బతికించబోయే జంతువే మీదికి దూకుతుంటే రాయడం ఇంకో కష్టం. రెండోదాన్ని మన తెలుగు రచయిత పల్లె మనిషి అనుభవంలోంచి సొంతంగా సాధించాడు. ఈ నవల ‘హీ కాంకర్డ్ ది జంగిల్’ అన్న పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. ముగింపు ఇక్కడ చెప్పను. పేరులో ఉన్న జయం ఎటువంటిదో చివరి పేజీలు చదివినవాళ్లే తేల్చుకోవాలి.

ఇప్పుడు డిచ్‌పల్లికి వద్దాం, ఎందుకంటే కేశవరెడ్డి గారి ఈ చూపు ఎక్కడ పదును తేలిందన్నది నన్ను ఎప్పుడూ పట్టుకునే ప్రశ్న. ఆ ఆసుపత్రిది పెద్ద చరిత్ర. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి కట్టించారు. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ దానికి డబ్బు సాయం చేశారు. 1915లో మొదలైంది. ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టబడినవాళ్లు అక్కడికి నడిచి వచ్చేవారు. తొలినాళ్లలో చాల్‌మూగ్రా నూనె సూదిమందు, తర్వాత డాప్సోన్, 1980ల నుంచి మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స. ఊరు వద్దన్నవాళ్లకు నిలబడే చోటు ఇచ్చిన ఆసుపత్రి అది. మా జిల్లా గర్వంగా చెప్పుకోవాల్సినవాటిలో దాన్ని ముందు వరుసలో పెడతాను.

కుష్ఠువ్యాధి చాలా నెమ్మదైన జబ్బు. దాని క్రిమి రెండుగా చీలడానికే పన్నెండు రోజుల పైన పడుతుంది. ఒంట్లో చేరిన ఎన్నో ఏళ్లకు గాని బయటపడదు. కనిపెట్టే పద్ధతి కూడా నెమ్మదిదే. రోగిని కళ్లు మూసుకోమంటారు. దూది పోచతో చర్మం మీద మచ్చను తాకుతారు. తాకిన చోటు వేలితో చూపించమంటారు. చూపించలేకపోతే అక్కడ స్పర్శ పోయిందన్నమాట. మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమి, లావెక్కిందా అని చూస్తారు. అరికాలిలో ముల్లు దిగినా నొప్పి తెలియని మనిషికి, ప్రతి రాత్రీ కాళ్లు తిప్పి చూసుకోవడం నేర్పుతారు. నొప్పి మనకు శత్రువు అనుకుంటాం గానీ, నొప్పి తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఆ డాక్టర్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ఈ పని చేసిన మనిషి వాక్యం రాయడానికి కూర్చుంటే ఏమవుతుంది? రోగి మాట మీద కన్నా వేలికి తగిలినదాని మీద ఎక్కువ ఆధారపడతాడు. తొందరపడడు. ఒళ్లు ఏం చెప్తోందో ముందు చూస్తాడు. కేశవరెడ్డి గారి వచనంలో నాకు కనిపించేది ఈ అలవాటే. ముసలివాడి భయాన్ని ఆయన దూది పోచతో తాకి చూపించారు.

ఇది నా ఊహ అని ఎవరైనా అంటే అననీ. ఆసుపత్రిలో పొద్దంతా అంత దుఃఖం చూసిన మనిషి రాసిన పుస్తకాల్లో ఏడుపులు ఇంత తక్కువగా ఉండటానికి నాకైతే వేరే కారణం దొరకలేదు.

ఇంకో విశేషం. ఇక్కడ పనిచేస్తూ ఆయన రాసిన పేరున్న నవలలు చిత్తూరు నేల మీదివి. కథ చిత్తూరుది, మాటలు చిత్తూరువి, చెట్లూ గుట్టలూ అక్కడివే. నిజామాబాద్ పాఠకుడిగా మొదట్లో నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట వాస్తవం, మా డాక్టరు మా గురించి రాయలేదేమని. ఇప్పుడు అట్లా అనిపించదు. పుట్టిన ఊరికి వందల మైళ్ల దూరంలో కూర్చున్నవాడికి ఆ ఊరి యాసలో ప్రతి పలుకూ స్పష్టంగా, విడివిడిగా వినిపిస్తుంది. చుట్టూ ‘ఉన్నడు, పోయిండు’ అనే మాట నడుస్తుంటే ఆయన తన పుస్తకానికి ‘రాముడుండాడు రాజ్జెముండాది’ అని పేరు పెట్టుకున్నారు. మా యాస ఆయన చెవుల్లో పొద్దంతా మోగుతున్నా, సొంత యాస ఎక్కడా కలుషితం కాలేదు. కథనం మామూలు వాడుక తెలుగులో సాగుతుంది, మనుషులు నోరు తెరిస్తే చిత్తూరు పలుకు వస్తుంది. రెండిటికీ మధ్య అతుకు తెలియదు. తెలంగాణ పాఠకుడు ఒక పది పేజీలు ఓపిక పడితే చాలు, ఆ తర్వాత ఆ యాస అడ్డం రాదు.

‘మునెమ్మ’లో ఆయన పనితనం ఇంకో మెట్టు ఎక్కింది. 2008లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకంగా వేసింది, అంతకుముందు ‘చతుర’ పత్రికలో వచ్చింది. మునెమ్మ, భర్త జయరాముడు, ఇంటి బొల్లిగిత్త. ఆ గిత్త మునెమ్మతో ప్రవర్తించిన తీరు చూసి జయరాముడు దాన్ని దారుణంగా కొడతాడు, అమ్మేయాలని తోలుకుపోతాడు. గిత్త తిరిగొస్తుంది. మనిషి తిరిగి రాడు. అక్కడి నుంచి మునెమ్మ బయల్దేరుతుంది. వెంట ఇంటి కుర్రవాడు సినబ్బ, ముందర గిత్త.

ఈ నవల వచ్చినప్పుడు వాదాలు చాలా జరిగాయి. మునెమ్మకూ గిత్తకూ మధ్య ఆ సన్నివేశం గురించే ఎక్కువ మాట్లాడారు. ఆ చర్చ అవసరమే, కానీ ఆ చర్చలో పడి నవల కట్టుబడిని చూసినవాళ్లు తగ్గిపోయారని నాకు బాధ. కథ చెప్పేది సినబ్బ. ఇదే తాళంచెవి. మునెమ్మ మనసులోకి పోయే దారి మనకు లేదు, ఎందుకంటే సినబ్బకే లేదు. వాడు చూసింది చెప్తాడు, విన్నది చెప్తాడు. ఆమె ఎందుకు ఆగింది, ఎందుకు ఆ మనిషిని అంతసేపు చూసింది, ఎప్పుడు నిశ్చయించుకుంది, వాడికి తెలియదు. తెలియనిదాన్ని వాడు కల్పించడు. భర్త పోయిన ఆడమనిషి దుఃఖాన్ని పేజీల కొద్దీ రాయగలిగిన రచయిత, కావాలని తన చేతులు కట్టేసుకుని, ఒక కుర్రవాడి కళ్లను మాత్రమే మనకు అరువిచ్చాడు. దానివల్ల మునెమ్మ పెరుగుతూ పోతుంది. పేజీ పేజీకీ మన ఎదుట నిలబడి ఉన్న మనిషి మనకు పూర్తిగా అందదు. అందనిదాని మీద గురి పెరుగుతుంది.

ఈ నవలలో నేర పరిశోధన ఉంది. పోలీసులు చేసే పరిశోధన కాదు. అడుగుల జాడ, పశువు ప్రవర్తన, ఒక కల, సంతకు పోయే దారిలో ఎదురైనవాళ్ల మాటలు, పూసలు అమ్మేవాడొకడు, పశువుల బేరగాడొకడు. పల్లెలో తప్పిపోయిన పశువును వెతికే పద్ధతి ఏదో అదే పద్ధతిలో మునెమ్మ మనిషిని వెతుకుతుంది. ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి పోవడంలో ఎక్కడా రచయిత చెయ్యి కనిపించదు. నమ్మశక్యం కాని ఘటనలు వస్తాయి, కల పెద్ద పనే చేస్తుంది, గిత్త చేసే పని మామూలు గిత్త చేసేది కాదు. అయినా సినబ్బ గొంతు మారదు. చెరువు కట్ట గురించి ఎంత మామూలుగా చెప్పాడో, ఆ వింతను కూడా అంత మామూలుగా చెప్తాడు. ఇలాంటివి చదవగానే లాటిన్ అమెరికా నవలల పేరు ఎత్తడం మన విమర్శకులకు అలవాటు. గంగిరెద్దుల ఇంటా, బయలాటల ఊళ్లోనూ పెరిగినవాళ్లకు ఆ గొంతు ముందు నుంచీ తెలుసు.

‘మూగవాని పిల్లనగ్రోవి’ గురించి మా పసుపు రైతుల మధ్య కూర్చుని మాట్లాడాలనిపిస్తుంది. వొంటిల్లు అనే ఊరి కథ. బక్కిరెడ్డి అనే రైతు, అప్పుల కింద పోయిన భూమి. మనిషి ఊరికి గాథగా మారే క్రమాన్ని ఆ నవల చూపిస్తుంది. మొదట వాస్తవం, తర్వాత ఊరివాళ్ల నోట మాట, ఆ తర్వాత పురాణం. ఈ మూడూ ఎక్కడ మారాయో గీత గీసి చూపలేం. ఊళ్లో ఒక రైతు పోతే, ఏడాది తిరిగేసరికి అతని గురించి చెప్పుకునే మాటలు ఎట్లా మారతాయో గమనించినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. మా దగ్గర రైతు గోడు వేరే దారి పట్టింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది బరిలో ఉంటే, అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని నామినేషన్లు వేశారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో వరసగా యంత్రాలు పేర్చాల్సి వచ్చింది. ఆ రైతులకు వాళ్ల గోడు చెప్పుకోవడానికి ఒక దారి దొరికింది. బక్కిరెడ్డికి అది దొరకలేదు. అతని గొంతు పోయిన చోటు నుంచి నవల మొదలై పాటగా మారుతుంది. పసుపు ధర పడిపోయిన ఏడాది ఆ పుస్తకం చదివితే చేతిలో బరువెక్కుతుంది.

వేల్పూర్‌లో కేశవరెడ్డి గారి పుస్తకాలు తప్పక చదవాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 2001లో అప్పటి కలెక్టర్ జి. అశోక్ కుమార్ ఆధ్వర్యంలో మా మండలంలో బాల కార్మికుల్ని బడికి పంపే ఉద్యమం నడిచింది. గొర్లు, బర్లు కాస్తున్నవాళ్లు, బీడీలు చుడుతున్నవాళ్లు, పొలాల్లో జీతానికి ఉన్నవాళ్లు, అందర్నీ ఇల్లిల్లూ తిరిగి వెతికారు. తల్లిదండ్రులు అప్పు తీసుకుని పిల్లల్ని పనికి పెట్టిన చోట, ఆ అప్పులు వదులుకునేలా యజమానుల్ని ఒప్పించారు. అదే ఏడాది అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు. అప్పుడు బడికి పోయిన పిల్లలు ఇప్పుడు ముప్పై దాటినవాళ్లు. మా మండలంలో చాలా ఇళ్లలో తొలి చదువరులు వాళ్లే. పంది మందతో ఇల్లు చేరి, ఒకటి తక్కువైందని తాతకు చెప్పాల్సి వచ్చిన ఆ మనవడి గుండె ఎట్లా కొట్టుకుందో వాళ్లకు తెలిసినట్టు కాలేజీలో సాహిత్యం చదివినవాళ్లకు తెలియదు. మంద లెక్క తప్పిన సాయంత్రం వాళ్లు గడిపినదే. కేశవరెడ్డి గారి సిసలైన పాఠకులు వాళ్లు, ఇంకా ఆ పుస్తకం వాళ్ల చేతికి అందకపోతే అది మన లోపం.

పాఠకుణ్ణి వెతుక్కుంటూ పోయిన నవలాకారుడు ఈ జిల్లాతో సంబంధం ఉన్నవాళ్లలో ముందే ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మాడు. నిజామాబాద్ జైల్లో దాశరథితో పాటు ఖైదీగా ఉన్నాడు. దాశరథి తన ‘అగ్నిధార’ ఆయనకే అంకితమిచ్చారు. ‘ప్రజల మనిషి’ రాసిన ఆయన, నవల రాయడం ఎంత పనో దాన్ని చదివేవాడి గుమ్మం దాకా చేర్చడం అంత పని అనుకున్నాడు. మన ఊళ్లలో ఇప్పుడు ఎవరైనా ఆ పని కొంచెం చేస్తే చాలు. పెళ్లికి కానుకగా స్టీలు బిందెతో పాటు ఒక నవల ఇచ్చినా సరే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇది. ముందు ‘అతడు అడవిని జయించాడు’. ఒక్క రాత్రిలో అయిపోతుంది, రాత్రే చదవండి. రెండోది ‘మునెమ్మ’, వాదాల గురించి ఏమీ వినకముందే. సినబ్బ గొంతు చెవిలో ఉండగానే ‘మూగవాని పిల్లనగ్రోవి’. ఆ తర్వాత ‘ఇన్‌క్రెడిబుల్ గాడెస్’, ‘శ్మశానం దున్నేరు’, ‘రాముడుండాడు రాజ్జెముండాది’, ‘చివరి గుడిసె’ ఏ వరసలో చదివినా పర్వాలేదు. ‘సిటీ బ్యూటిఫుల్’ మాత్రం ఆఖరుకు ఉంచుకోండి. అది చైతన్య స్రవంతి పద్ధతిలో రాసింది, మెడికల్ కాలేజీ కుర్రవాడి మనసులో నడుస్తుంది. మిగతా నవలల్లో మనసు తలుపులు మూసి, చేతుల్ని మాత్రమే చూపించిన రచయిత, ఈ ఒక్కదాంట్లో తలుపులన్నీ బార్లా తెరిచాడు. ముందే చదివితే కంగారు పడతారు, ఆఖరున చదివితే మిగతావాటిలో ఆయన ఎంత లోపల దాచుకున్నారో అర్థమవుతుంది. ఇప్పటికే అన్నీ చదివినవాళ్లు ‘అతడు అడవిని జయించాడు’ ఇంకోసారి తీసి, ఈసారి కథ కోసం కాకుండా ఈటె ఎప్పుడు ఏ చేతిలో ఉందో చూసుకుంటూ చదవండి.